చాలించని అవతారం

తెలుగులో ‘అవతారం చాలించడం’ అని ఒక మాట ఉంది. వచ్చిన పని ముగిసింది, ధరించిన దేహం వదిలి స్వస్థానానికి వెళ్ళిపోయాడు అని అర్థం. రాముడు సరయువులో దిగి చాలించాడు, కృష్ణుడు బోయవాడి బాణం తగిలి చాలించాడు. ఆ కథల్లో అదేమీ లోపం కాదు. దుష్టశిక్షణ అయింది, ధర్మం నిలబడింది, ఇంక దేహంతో పనేముంది? క్రీస్తు గురించి చెప్పేటప్పుడు కూడా మనం నరావతారం, మానవావతారం అనే అంటాం. వాడుకలో స్థిరపడ్డ మాటలు, వాటితో నాకు పేచీ లేదు. పేచీ అల్లా ఆ మాట వెనక తోకలా వచ్చే ‘చాలించడం’తోనే. దేవుడు మనిషి ఎందుకయ్యాడు అన్న ప్రశ్నకు విశ్వాసులు సాధారణంగా చెప్పే జవాబులో ఈ తోక కనపడకుండా నక్కి ఉంటుంది.

ఆ జవాబు ఇలా సాగుతుంది. పాపానికి జీతం మరణం. దేవుడు చనిపోలేడు, చనిపోవాలంటే శరీరం కావాలి. అందుకని శరీరం ధరించాడు, సిలువ మీద చనిపోయాడు, మన బాకీ తీరింది. ఇందులో ఒక్క ముక్కా అబద్ధం కాదు. కానీ సంగతి ఇంతే అయితే శుక్రవారం మధ్యాహ్నం మూడు గంటలకల్లా ఆ శరీరంతో పని అయిపోవాలి. ఆదివారం సమాధి ఖాళీ కానక్కర్లేదు. అదే శరీరంతో, మేకుల గుర్తులతో సహా లేవాల్సిన అవసరం అసలే లేదు. నలభై రోజుల తర్వాత దాన్ని వెంటబెట్టుకుని పరలోకానికి వెళ్ళడం మరీ వింత. అద్దెకు తెచ్చుకున్న వస్తువును పని కాగానే తిరిగి ఇచ్చేస్తాం గదా! ఆయన ఇవ్వలేదు. నరావతార ఉద్దేశం గురించి ఎవరు ఏ జవాబు చెప్పినా, ఆ ‘ఇవ్వలేదు’కి లెక్క చెప్పగలగాలి. చెప్పలేకపోతే అది సగం జవాబే.

ముందు వాక్యం ఏమంటోందో చూద్దాం. తెలుగు బైబిల్లో ఉద్దేశాన్ని మోసేవి క్రియ చివరి ‘-టకు’, ‘-టకై’, ‘వలెనని’ లాంటి ముక్కలు. ‘వచ్చెను’, ‘పంపెను’, ‘ప్రత్యక్షమాయెను’ అన్న మాటల పక్కన ఈ ముక్కలు ఎక్కడెక్కడ ఉన్నాయో పెన్సిలుతో గీత గీసుకుంటూ పోతే పట్టిక చాలా పొడుగవుతుంది. మార్కు 10:45లో ‘అనేకులకు ప్రతిగా విమోచన క్రయధనముగా తన ప్రాణము ఇచ్చుటకు’. లూకా 19:10లో ‘నశించినదానిని వెదకి రక్షించుటకు’. ఈ రెండూ అందరికీ కంఠతా వచ్చినవే. కానీ యోహాను 18:37లో పిలాతు ఎదుట నిలబడి ఆయన చెప్పిన కారణం వేరు: ‘సత్యమునుగూర్చి సాక్ష్యమిచ్చుటకు నేను పుట్టితిని’. 1 యోహాను 3:8లో ‘అపవాది యొక్క క్రియలను లయపరచుటకే’. మత్తయి 5:17లో ధర్మశాస్త్రాన్ని ‘నెరవేర్చుటకే’. మార్కు 1:38లోనైతే పక్క ఊళ్ళలో ప్రకటించడం కోసమే బయలుదేరి వచ్చానంటాడు.

గలతీ 4:4-5 దగ్గర కాస్త ఆగాలి. అక్కడ ఉద్దేశాలు రెండున్నాయి, ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు. ధర్మశాస్త్రానికి లోబడినవాళ్ళను ‘విమోచించుటకై’ అన్నది మొదటిది. ‘మనము దత్తపుత్రులము కావలెనని’ అన్నది రెండోది. విమోచన మెట్టు, దత్తత ఇల్లు. మెట్టు ఎక్కకుండా ఇంట్లోకి పోలేం, నిజమే. అయితే ఎవరూ మెట్టు మీద కాపురం పెట్టరు.

మరి ‘శరీరం చనిపోవడానికే’ అన్న వాదనకు ఇంత బలం ఎక్కడిది? పడమటి సంఘంలో దానికి గట్టి కట్టడం కట్టినవాడు కాంటర్‌బరీ ఆర్చిబిషప్ అన్సెల్మ్. 1098లో పూర్తిచేసిన ‘కూర్ దేవుస్ హోమో’ (‘దేవుడు మనిషి ఎందుకయ్యాడు’) రెండు భాగాల సంభాషణ. బోసో అనే శిష్యుడు అడుగుతుంటాడు, అన్సెల్మ్ చెబుతుంటాడు. వాదన మెట్లు చాలా స్పష్టం. సృష్టి అంతా దేవుడికి పూర్తి విధేయత బాకీ. ఆ బాకీ ఎగ్గొట్టడమే పాపం, అది ఆయన ఘనతను దోచుకోవడం. దోచుకున్నది తిరిగి ఇస్తే సరిపోదు, అవమానానికి గాను ఇంకొంత కలిపి ఇవ్వాలి. కానీ మనిషి ఏది ఇవ్వబోయినా అది ముందే ఇవ్వాల్సిందే కాబట్టి కలిపేందుకు చేతిలో ఏమీ మిగలదు. దేవుడు వద్దన్న వైపు ఒక్క చూపు చూస్తే లోకమంతా నిలుస్తుందన్నా సరే చూడవచ్చా అని అడిగి, చూడకూడదని బోసో చేతే ఒప్పిస్తాడు. పాపం బరువు అంత అని. చివరికి తేలేదేమిటంటే, తీర్చవలసినవాడు మనిషి, తీర్చగలిగినవాడు దేవుడు. కాబట్టి తీర్చేవాడు ఇద్దరూ అయి ఉండాలి.

ఈ కట్టడంలో నాకు నచ్చేది, క్రీస్తు దైవత్వం గాని మానవత్వం గాని ఒక్క ఇటుక లాగినా మొత్తం కూలిపోతుంది. ఇక్కడ ఒక పొరపాటు కూడా సరిదిద్దాలి. ‘మన శిక్షను ఆయన భరించాడు’ అన్న మాటను చాలామంది అన్సెల్మ్‌కు అంటగడతారు. ఆయన చెప్పింది ‘శిక్ష, లేకపోతే పరిహారం’. పరిహారం జరిగింది గనుక శిక్ష తప్పింది అని. శిక్షే బదులుగా పడింది అన్న రూపం 16వ శతాబ్దపు సంస్కర్తల చేతిలో గట్టిపడింది. ఇక లోటు సంగతి. క్రీస్తు చనిపోయిన క్షణంలోనే అన్సెల్మ్ లెక్క ముగిసిపోతుంది. ఆయన పునరుత్థానాన్ని నమ్మాడు, అందులో అనుమానం లేదు. కానీ ఆ వాదనలో దానికి పనిలేదు. పౌలు లెక్క అలా లేదు: ‘క్రీస్తు లేపబడనియెడల మీ విశ్వాసము వ్యర్థమే, మీరింకను మీ పాపములలోనే యున్నారు’ (1 కొరింథీ 15:17). సిలువ జరిగి, పునరుత్థానం జరగకపోతే పాపాలు ఇంకా అలాగే ఉన్నాయంటున్నాడు. సిలువతోనే ఖాతా మూసేసినవాళ్ళు ఈ వచనాన్ని ఏ పద్దు కింద రాస్తారో నాకు తెలియదు.

పాత నిబంధన బలి ఎలా జరిగేదో వివరంగా చూస్తే ఈ చిక్కు విడిపోతుంది. లేవీయకాండం 16 తెరవండి. ఏడవ నెల పదవ దినం. ప్రధాన యాజకుడు ఒళ్ళు కడుక్కుని నార బట్టలు వేసుకుంటాడు. తన పాపం కోసం ఒక కోడెదూడ, ప్రజల కోసం రెండు మేకలు. మేకల మీద చీట్లు వేస్తారు. ముందు కోడెదూడను వధిస్తాడు. తర్వాత బలిపీఠం మీది నిప్పులతో ధూపార్తి నింపి, రెండు పిడికిళ్ళ సుగంధ ధూపం తీసుకుని అడ్డతెర లోపలికి వెళ్ళాలి. ఆ పొగ కరుణాపీఠాన్ని, అంటే నిబంధన మందసం మీది మూతను, కమ్మాలి, కమ్మకపోతే చస్తాడు. ఆ మీదట కోడెదూడ రక్తాన్ని వేలితో కరుణాపీఠం మీద తూర్పు వైపున, దాని ఎదుట ఏడుసార్లు ప్రోక్షించాలి. బయటికి వచ్చి మేకను వధించి, దాని రక్తంతో మళ్ళీ లోపలికి వెళ్ళి అలాగే చెయ్యాలి. ఆయన లోపల ఉన్నంతసేపు గుడారంలో ఇంకెవరూ ఉండకూడదు. ఇవన్నీ అయ్యాక బలిపీఠం కొమ్ములకు రక్తం పూయడం, చివరగా బతికున్న రెండో మేక తల మీద చేతులు పెట్టి పాపాలు ఒప్పుకుని దాన్ని అరణ్యానికి తోలడం.

ఇందులో వధకు పట్టింది ఎంత? ఒక్కో మాట. అది జరిగేది కూడా తెర బయట. మిగతా వివరమంతా ఆ రక్తం ఎక్కడికి వెళ్ళింది, ఎవరి ఎదుటికి వెళ్ళింది అన్నదాని గురించే. ఎందుకో లేవీయకాండం 17:11 చెబుతుంది: రక్తంలో ప్రాణం ఉంది, ప్రాయశ్చిత్తం చేసేది ఆ ప్రాణమే. అంటే సన్నిధికి చేరుతున్నది చావు కాదు, ప్రాణం. బలి అంటే చంపడం అనే అనువాదం మన తలల్లో ఎంతగా పాతుకుపోయిందంటే, ఈ అధ్యాయాన్ని ఏటా చదివేవాళ్ళు కూడా వధ దగ్గరే కళ్ళు మూసుకుంటారు.

హెబ్రీ పత్రిక రాసినాయన కళ్ళు మూసుకోలేదు. క్రీస్తు చేతులతో కట్టిన పరిశుద్ధ స్థలంలోకి కాకుండా ‘పరలోకమందే’ ప్రవేశించాడని, దేవుని సముఖంలో మన కోసం కనబడడానికి వెళ్ళాడని 9:24లో అంటాడు. 8:4లో ఇంకా సూటిగా, భూమి మీద ఉన్నట్టయితే ఈయన యాజకుడే కాడు అంటాడు. సిలువ వధ్యస్థలం, ఆరోహణం తెర దాటడం. అక్కడ నిలబడడానికి ప్రాణమున్న మానవ దేహం కావాలి, వదిలేసిన దేహం పనికిరాదు. 2:17 చెప్పేదీ అదే: నమ్మకమైన ప్రధాన యాజకుడు కావడం కోసం ‘అన్నివిషయములలో ఆయన తన సహోదరుల వంటివాడు కావలసివచ్చెను’. ఆ యాజకత్వం ఎన్నాళ్ళు? 7:25 ప్రకారం విజ్ఞాపన చేయడానికి ఆయన నిరంతరం జీవిస్తున్నాడు. పదవి నిరంతరమైనప్పుడు, ఆ పదవికి అర్హత ఇచ్చిన మానవత్వం తాత్కాలికం ఎలా అవుతుంది?

‘సమాప్తమైనది’ అన్నాడు కదా అని వెంటనే అభ్యంతరం వస్తుంది. అన్నాడు. బలి మళ్ళీ అర్పించాల్సిన పని లేదు, ‘ఒక్కసారే’ అని హెబ్రీ పత్రికే నొక్కి చెబుతుంది. ఒక పని మళ్ళీ చెయ్యనక్కర్లేకపోవడం వేరు, చేసినవాడు వెళ్ళిపోవడం వేరు.

తూర్పు సంఘం ఈ ప్రశ్నను మొదటినుంచీ ఇంకో వైపునుంచి పట్టుకుంది. 4వ శతాబ్దంలో అలెగ్జాండ్రియాకు చెందిన అథనాసియస్ వేసిన ప్రశ్న నాకు ఇప్పటికీ అన్నిటికంటే పదునైనదిగా తోస్తుంది: మనిషి పశ్చాత్తాపపడితే సరిపోదా? దేవుడు క్షమించేస్తే పోలేదా? సరిపోదంటాడు. పశ్చాత్తాపం ఇకముందు పాపం చెయ్యకుండా ఆపుతుంది, ఇప్పటికే పట్టిన కుళ్ళును తియ్యలేదు. మనిషి శూన్యం నుంచి వచ్చాడు, వాక్యంతో, అంటే దేవుని కుమారుడితో, ఉన్న బంధమే అతన్ని నిలబెట్టింది, అది తెగాక మళ్ళీ శూన్యం వైపు జారుతున్నాడు. తప్పు మాఫీ చేసినంత మాత్రాన జారుడు ఆగదు. జీవమే వచ్చి దేహాన్ని అంటుకోవాలి. ఆయన ఇచ్చిన ఉపమానం బొమ్మ గీసిన చెక్కది. మరకలు పడి ముఖం చెరిగిపోతే ఆ చెక్కను పారెయ్యరు. ఎవరి బొమ్మో ఆ మనిషే మళ్ళీ వచ్చి ఎదురుగా కూర్చుంటే, అదే చెక్క మీద తిరిగి గీస్తారు. ఇంకోటి ఎండుగడ్డిది. గడ్డిని నిప్పుకు దూరంగా ఉంచితే అప్పటికి కాలదు గాని భయం మాత్రం పోదు. దాని చుట్టూ రాతినార, అంటే ఆస్బెస్టాస్ చుడితే ఇంక నిప్పంటే భయమే లేదు. మరణాన్ని ఒక్క ఆజ్ఞతో ఆపి ఉండొచ్చు, కానీ అప్పుడు మనిషి ఎండుగడ్డిగానే మిగిలిపోయేవాడు. జీవాన్ని దేహానికి చుట్టడానికే ఆయన దేహం ధరించాడు. చుట్టింది విప్పేస్తే మళ్ళీ మొదటికే.

ఉద్దేశం ఇదని ఒప్పుకుంటే, తొలి శతాబ్దాల సంఘం ఒక్కో దుర్బోధతో అంత పట్టుదలగా ఎందుకు కొట్లాడిందో అర్థమవుతుంది. అవి యంత్రంలో ఏ భాగం తీస్తే ఏది ఆగిపోతుందో చూపించే పరీక్షలు. శరీరం ఉత్తి పైకి కనిపించిన రూపమే అన్నారు కొందరు. అలాగైతే నా సంకెళ్ళు కూడా ఉత్తి రూపమేనా అని 2వ శతాబ్దం తొలినాళ్ళలో అంతియొకయ బిషప్ ఇగ్నేషియస్ చావుకు నడిచి వెళ్తూ అడిగాడు. కుమారుడు సృష్టి అన్నాడు అరియస్; అప్పుడు దేవుడికీ మనిషికీ మధ్య వేసిన నిచ్చెన పై గోడను అందుకోదు. లవోదికయ అపొలినారిస్ చేసిన తప్పు వీటన్నిటికంటే తెలివైనది, అందుకే ఈ రోజుకీ దొర్లుతూ ఉంటుంది. క్రీస్తుకు మానవ దేహం ఉంది గాని మానవ మనసు స్థానంలో దేవుని వాక్యమే ఉంది అన్నాడు. ‘మనిషి తొడుగులో దేవుడు’ అని ఎవరైనా అంటే అది అచ్చం ఈ బోధే. దానికి నాజియాంజస్ గ్రెగరీ తన స్నేహితుడు క్లెడోనియస్‌కు రాసిన ఉత్తరంలో ఇచ్చిన జవాబు చిన్నది: ఏది స్వీకరించబడలేదో అది స్వస్థపడలేదు. ఏదెనులో ముందు చెడింది చెయ్యి కాదు, మనసు. చెడినదాన్ని వదిలేసి చెడనిదాన్ని తొడుక్కునే వైద్యం ఏ రోగానికి?

ఇదే సూత్రాన్ని 7వ శతాబ్దంలో మాక్సిమస్ అనే సన్యాసి చిత్తం దాకా తీసుకెళ్ళాడు. రాజకీయ ఐక్యత కోసం క్రీస్తుకు ఒకే చిత్తం ఉందని ఒప్పుకోమన్నారు చక్రవర్తులు. మాక్సిమస్ గెత్సేమనే చూపించాడు, పట్టుబడే ముందు రాత్రి యేసు ప్రార్థించిన తోట. ‘నా యిష్టము కాదు, నీ చిత్తమే సిద్ధించునుగాక’. ఇక్కడ మానవ చిత్తం లేకపోతే ఆ ప్రార్థన నాటకం, ఆ చెమట నాటకం. అవిధేయత పుట్టింది మనిషి చిత్తంలో. అది మనిషి చిత్తంలోనే తిరగబడి విధేయత కావాలి. ఈ మాట కోసం ఆయన నాలుక, కుడి చెయ్యి కోశారు. 662లో ప్రవాసంలో చనిపోయాడు. 680-681లో కాన్‌స్టాంటినోపుల్‌లో జరిగిన సభ ఆయన చెప్పిందే సరి అంది.

ఉద్దేశం మీద మోజు ఎక్కువైతే ఏమవుతుందో కూడా చెప్పుకోవాలి. 180 ప్రాంతంలో లియోన్స్ బిషప్ ఐరేనియస్, క్రీస్తు మనిషి బతుకునంతా తనలో తిరిగి కూర్చాడు అన్నాడు. గొప్ప మాట. శిశువుల కోసం శిశువై, యువకుల కోసం యువకుడై ప్రతి ఈడునూ పరిశుద్ధపరిచాడు అన్నాడు. అక్కడితో ఆగలేదు. పెద్ద ఈడు కూడా ఉండాలి గదా అని, యోహాను 8:57లోని ‘ఏబది’ని పట్టుకుని యేసు యాభైకి దగ్గరపడేదాకా బతికాడని రాసేశాడు. లూకా 3:23 దాదాపు ముప్పై అంటోంది, పరిచర్య కొన్నేళ్ళే. సిద్ధాంతం అందంగా ఉందని సంవత్సరాలను సాగదీయడం తప్పే. అయితే నజరేతులో గడిచిన ఆ ముప్పై ఏళ్ళు వ్యర్థం కాదన్న ఆయన పట్టు మాత్రం సరైనది. చనిపోవడానికే అయితే ముప్పై ఏళ్ళెందుకు, హేరోదు కత్తి బేత్లెహేముకే వచ్చింది కదా.

మనిషి పాపం చెయ్యకపోయినా ఆయన వచ్చేవాడా అన్న పాత తగువు ఒకటుంది. 1274లో చనిపోయిన తోమా అక్వినాస్, లేఖనం పాపాన్నే కారణంగా చూపుతోంది గనుక రాడనడమే తగునన్నాడు. 1308లో చనిపోయిన డన్స్ స్కోటస్, పాపం లేకపోయినా వచ్చేవాడే, దేవుడు ముందు గమ్యం తలుస్తాడు, తర్వాతే మార్గం, క్రీస్తు మహిమ పాపం వల్ల ఆలోచనకు వచ్చింది కాదు అన్నాడు. జరగనిదాని మీద తీర్పు చెప్పడానికి అక్వినాస్ వెనకాడడం నాకు బాగానే ఉంటుంది. కానీ కొలొస్సీ 1:16 సర్వం ‘ఆయనద్వారాను ఆయననుబట్టియు’ సృజింపబడిందని అంటుంటే, ఎఫెసీ 1:10 సమస్తాన్నీ ఆయనలో ఏకంగా సమకూర్చడమే సంకల్పం అంటుంటే, మొగ్గు స్కోటస్ వైపే కనిపిస్తుంది.

మళ్ళీ ఆ శరీరం దగ్గరికి. లూకా 24లో శిష్యులు భూతమనుకుని భయపడితే ఆయన ‘నన్ను పట్టిచూడుడి’ అంటాడు. అప్పటికీ నమ్మలేకపోతే తినడానికి ఏమైనా ఉందా అని అడుగుతాడు. కాల్చిన చేప ముక్క ఇస్తారు. తీసుకుని వాళ్ళ ఎదుటే తింటాడు. బాకీ తీరిపోయి మూడో రోజు. సిలువ లెక్కలో ఆ చేప ముక్కకు ఏ పనీ లేదు. దత్తపుత్రుల ఇల్లే గమ్యమైతే మాత్రం అది సరైన చోటే ఉంది. ఇంట్లోవాళ్ళు ఎదురెదురుగా కూర్చుని తింటారు.

1 తిమోతి 2:5 ఆరోహణం తర్వాత రాసింది. అందులో దేవునికీ నరులకూ మధ్యవర్తి ‘క్రీస్తుయేసను నరుడు’ అని ఉంది. నరుడుగా ఉండినవాడు అనలేదు. క్లెడోనియస్‌కు రాసిన ఆ ఉత్తరంలోనే గ్రెగరీ ఇంకో హెచ్చరిక చేశాడు: క్రీస్తు తన పరిశుద్ధ మాంసాన్ని ఇప్పుడు వదిలేశాడని, దైవత్వం దేహం లేకుండా ఉందని అనేవాడు ఆయన రాకడ మహిమను చూడకపోవునుగాక. ధరించినవాడి దగ్గర కాక ఆ దేహం ఇంకెక్కడుంది, మానికేయులు (మానీ అనే ప్రవక్త మతం వాళ్ళు) వదరినట్టు సూర్యుడిలో దాచిపెట్టలేదు గదా అని ఎత్తిపొడిచాడు.

అలా అన్నవాళ్ళు ఊహల్లోవాళ్ళు కాదు. అన్‌కైరా బిషప్ మార్సెలస్, 1 కొరింథీ 15:24-28 పట్టుకుని, కుమారుడు చివరికి రాజ్యాన్ని తండ్రికి అప్పగించేస్తాడు కాబట్టి ఆ రాజ్యానికి ముగింపు ఉందన్నాడు. మన కోసం ధరించిన మాంసంతో ఆ మీదట వాక్యానికి ఏం పని అని అడిగాడు. తెలుగులో చెప్పాలంటే, చాలించడమే. 325లో నైసియా సభ రాసిన విశ్వాస ప్రమాణంలో దీనికి జవాబు లేదు. ఆ పాఠంలో సిలువ అన్న మాట కూడా లేదు: మనుష్యులమైన మన కోసం, మన రక్షణ కోసం దిగివచ్చాడు, శరీరధారి అయ్యాడు, మనిషి అయ్యాడు, శ్రమపడ్డాడు, మూడో రోజు లేచాడు, పరలోకానికి ఎక్కాడు, తీర్పు తీర్చడానికి వస్తాడు, అంతే. ‘మన కోసం సిలువ వేయబడ్డాడు’ అన్నది 381 నాటి కాన్‌స్టాంటినోపుల్ పాఠంలో వచ్చి చేరింది. ఆ పాఠంలోనే, తీర్పు తీర్చడానికి తిరిగి వస్తాడు అన్న మాట వెంట ఇంకొక్క వాక్యం చేరింది. అది మరియతో గబ్రియేలు అన్న మాటే, లూకా 1:33: ‘ఆయన రాజ్యము అంతములేనిదై యుండును’.